తెలుగు లిపిలో అరబీ పఠనం: సెల్‌ఫోను తెచ్చిన మేలు, మిగిల్చిన లోటు

కలం ద్వారా జ్ఞానం నేర్పిన ప్రభువే మానవునికి వాక్కును కూడా ప్రసాదించాడు. హిరా గుహలో అవతరించిన తొలి వాణి చదవమనే ఆజ్ఞతో మొదలయింది. అయితే ఆ ఆజ్ఞ అందుకున్నప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చేతిలో ఏ గ్రంథమూ లేదు. ఆయన విన్నారు, విన్నదానిని పలికారు, పలికినదానిని సహాబాలకు నేర్పి, వారి నోట తిరిగి విన్నారు. వ్రాత ఆ తరువాతి మెట్టు. కాబట్టి దివ్య ఖుర్ఆన్ పఠనానికి వినియోగపడే సాధనం ఏదైనా సరే, అది రెల్లు కలమైనా, అచ్చుయంత్రమైనా, టేపురికార్డరైనా, నేటి సెల్‌ఫోనైనా, దానిని పరీక్షించవలసిన గీటురాయి ఒక్కటే: విన్న ధ్వనిని విన్నట్టుగా చేరవేస్తున్నదా, లేదా?

తెలుగు చదివే ముస్లింల చేతిలోని సెల్‌ఫోను ఇప్పుడు ఈ పరీక్షకు నిలబడవలసి ఉన్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమయి ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గిన తరువాత పల్లెలలో కూడా ఫోను వాడకం విస్తరించింది. సూరా ఫాతిహా, నమాజు దుఆలు, చిన్న సూరాలు తెలుగు అక్షరాలలో వ్రాయబడి యాప్‌లుగా, పీడీఎఫ్ పుస్తకాలుగా, వాట్సాప్‌లో తిరిగే బొమ్మలుగా ఇంటింటికీ చేరాయి. వీటిని తయారుచేసినవారి సంకల్పం మంచిదే. కాని మంచి సంకల్పంతో చేసిన పనికి విమర్శ అక్కరలేదనుకోవడం పొరపాటు. నమాజుకు సంబంధించిన విషయంలో అది మరీ పొరపాటు.

తెలుగు లిపి అవసరం ఎక్కడిది?

అరబీని తెలుగులో వ్రాయవలసిన అగత్యం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి కృష్ణాజిల్లా మెట్టప్రాంతం మంచి ఉదాహరణ. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద జగ్గయ్యపేట, నందిగామ దాటిన తరువాత మున్నేరు ఒడ్డున ఉన్న గ్రామం కీసర. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి ఈ ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. పశ్చిమాన గరికపాడు వద్ద పాలేరు దాటితే తెలంగాణ. నిజాం కాలంలో ఆ ఏటికి అవతల రాజభాష ఉర్దూ. ప్రభుత్వ విద్యాబోధన కూడా ప్రధానంగా ఉర్దూలోనే. ఇవతల మద్రాసు రాష్ట్రం. ఊరి బడిలో తెలుగు. కీసరకు దగ్గరలోని పరిటాల మాత్రం చుట్టూ బ్రిటిషు సీమ ఉన్నా నిజాం జాగీరుగానే ఉండేది. అంటే కొద్ది మైళ్ళ ఎడంలోనే పాలకుల భాష మారిపోయేదన్నమాట.

దీని ఫలితం చిన్నది కాదు. ఉర్దూ లిపికి మూలం అరబీ లిపి. ఉర్దూ చదవడం వచ్చినవానికి ఖుర్ఆన్ అక్షరాలు ముందే పరిచయమై ఉంటాయి. తెలుగు బడిలో చదివిన పిల్లవానికి అవి వేరుగా మక్తబులో నేర్పవలసినవే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మాత్రమే చదవగలిగిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఇంటా బయటా తెలుగే మాట్లాడే నూర్‌బాషా దూదేకుల కుటుంబాలు ఉన్నాయి. మిరప చేలలో, ప్రత్తి చేలలో కూలికి పోయి, మక్తబుకు పోవలసిన వయసు అక్కడే గడిపినవారు ఉన్నారు. నడివయసులో నమాజు నేర్చుకోవాలనే తపన కలిగిన మనిషికి తెలుగు అక్షరాలలో ఉన్న చిన్న పుస్తకమే తొలి ఆసరా అయింది. ఇప్పుడు ఆ పుస్తకం స్థానంలో ఫోను వచ్చింది.

ఈ ఆసరాను ఎగతాళి చేయడం ధర్మం కాదు. తడబడుతూ కష్టపడి ఖుర్ఆన్ చదివేవారికి రెట్టింపు పుణ్యం లభిస్తుందన్న భావం గల ప్రవక్త ప్రవచనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. అయితే ఆ శుభవార్త నేర్చుకుంటూ తడబడేవారికి. తడబాటునే శాశ్వత పఠనంగా స్థిరపరచుకున్నవారికి కాదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మూడు ‘స’లు, నాలుగు ‘జ’లు

తెలుగు వర్ణమాలకు యాభైఆరు అక్షరాలని పేరు. అరబీకి ఇరవైఎనిమిదే. పెద్ద పాత్రలో చిన్న పాత్ర సులభంగా ఒదుగుతుందని తోచవచ్చు. అచ్చుల విషయంలో అది కొంతవరకు నిజమే. హ్రస్వ దీర్ఘాల భేదం, అక్షరాన్ని ఒత్తి పలికే షద్ద తెలుగులో చక్కగా పలుకుతాయి. ఈ విషయంలో ఇంగ్లీషు అక్షరాలకంటె తెలుగు లిపి ఎంతో మేలు. లోటు హల్లులలో ఉన్నది.

పాఠకులు నిత్యం వాడే మాటలనే చూడవచ్చు. సలామ్, సలాత్, సవాబ్ అనే మూడు మాటలు తెలుగులో ఒకే ‘స’తో మొదలవుతాయి. అరబీలో మొదటిది సీన్, రెండవది లావుగా పలికే సాద్, మూడవది నాలుక కొనను పళ్ళ మధ్యకు తెచ్చి పలికే సా. జకాత్, జిక్ర్, జుల్మ్, రమజాన్ అనే నాలుగు మాటలలో తెలుగు ‘జ’ ఒక్కటే. అరబీలో అవి నాలుగు వేర్వేరు అక్షరాలు. తౌబా లోని ‘త’ వేరు, తహారత్ లోని ‘త’ వేరు. హజ్ లోని ‘హ’ గొంతు నడుమ నుండి వస్తుంది. హిదాయత్ లోని ‘హ’ గొంతు అడుగు నుండి వస్తుంది. ఇల్మ్ అనే మాట ఐన్‌తో, ఇమామ్ అనే మాట హమ్‌జాతో మొదలవుతాయి. తెలుగులో రెంటికీ ‘ఇ’ ఒక్కటే గతి.

అన్నిటికంటె విచిత్రం ‘ఖ’ సంగతి. ఖలీఫా అన్నప్పుడు ఈ అక్షరం ‘ఖా’కు బదులుగా నిలుస్తుంది. ఖుర్ఆన్ అన్నప్పుడు ‘ఖాఫ్’కు బదులుగా నిలుస్తుంది. నిజానికి తెలుగు ‘ఖ’ ఈ రెండూ కాదు. అది ఒత్తి పలికే ‘క’ మాత్రమే. పైగా వాడుకలో చాలామంది ఆ ఒత్తును కూడా వదిలి ‘క’ అనే పలుకుతారు. గ్రంథరాజం పేరునే తెలుగువారు కొరాను అని, కురాన్ అని, ఖురాన్ అని, ఖుర్ఆన్ అని ఇన్ని విధాలుగా వ్రాస్తూ రావడానికి కారణం ఇదే.

అక్షరం కలిస్తే అర్థం చెడుతుంది

ఇది ఉచ్చారణ సొగసుకు సంబంధించిన చిన్న విషయమని కొందరు భావించవచ్చు. సూరా ఇఖ్లాస్ మొదటి మాటను ఖాఫ్‌తో పలికితే ‘చెప్పు’ అని అర్థం. దానినే ‘కుల్’ అని పలికితే ‘తిను’ అని అర్థం. రోజూ నమాజులో చదివే సూరా విషయం ఇది.

ఇంకా సూక్ష్మమైన ఉదాహరణలు ఉన్నాయి. సూరా బఖరా పదవ ఆయతులో కపటుల శిక్షకు విశేషణంగా ‘అలీమ్’ అనే మాట వచ్చింది. అది హమ్‌జాతో మొదలవుతుంది, ‘బాధాకరమైన’ అని అర్థం. అదే సూరా ఇరవైతొమ్మిదవ ఆయతులో అల్లాహ్ సర్వజ్ఞుడని చెప్పే ‘అలీమ్’ వచ్చింది. అది ఐన్‌తో మొదలవుతుంది. తెలుగు లిపిలో ఈ రెంటికీ ఒక్క గీత తేడా లేదు. సూరా హుజురాత్‌లో పక్కపక్కనే ఉన్న ఆయతుల సంగతి మరీ గమనార్హం. పదకొండవ ఆయతులో ‘ఇస్మ్’ అంటే పేరు. పన్నెండవ ఆయతులో ‘ఇస్మ్’ అంటే పాపం. మొదటిది సీన్, రెండవది సా. ‘నస్ర్’ అనే మాట సాద్‌తో ఉంటే సహాయం. సీన్‌తో ఉంటే నూహ్ (అలైహిస్సలాం) జాతివారు పూజించిన విగ్రహాలలో ఒకదాని పేరు. తెలుగు లిపిని మాత్రమే నమ్ముకున్న పాఠకునికి ఈ భేదాలు ఉన్నాయన్న సంగతే తెలియదు. తెలియని తప్పును దిద్దుకునే అవకాశం కూడా ఉండదు.

తజ్వీద్ శాస్త్రజ్ఞులు పఠనదోషాలను రెండు విధాలుగా విభజించారు. అక్షరం మారిపోవడం వంటివి స్పష్టదోషాలు. పలుకు మెరుగులకు సంబంధించినవి గుప్తదోషాలు. పైన చెప్పినవన్నీ మొదటి తరగతికి చెందినవే. ఖుర్ఆన్ మూలాన్ని అన్య లిపులలో వ్రాయడాన్ని ధర్మవేత్తలలో అత్యధికులు సమ్మతించకపోవడానికి ప్రధానకారణం ఇదే.

చుక్క పెట్టిన పూర్వులు

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. లిపికి కొత్త గుర్తులు చేర్చడం, కొత్త సాధనాలు వాడడం ధర్మవిరుద్ధమా? చరిత్ర అట్లా చెప్పదు. తొలి ముస్‌హఫ్‌లలో నేడు కనిపించే స్వరచిహ్నాలు లేవు. బా, తా, సా వంటి అక్షరాలను వేరుపరిచే చుక్కలు కూడా క్రమంగా లేవు. అరబ్బులకు వాటి అవసరం కలగలేదు. మాట వారి నోటిలోనే ఉన్నది. ఇస్లాం ఇతర జాతులకు విస్తరించినప్పుడు తప్పులు దొర్లాయి. ఒక ఆయతులో ఒక్క అచ్చు మార్చి చదివినందువల్ల అర్థం పూర్తిగా తలక్రిందులు కావడం విని బస్రాకు చెందిన అబుల్ అస్వద్ దుఅలీ (మరణం హి. 69) అచ్చులను సూచించే చుక్కలను ప్రవేశపెట్టారని చెబుతారు. ఆ తరువాత నస్ర్ బిన్ ఆసిమ్, యహ్యా బిన్ యఅమర్ అక్షరభేదానికి చుక్కలను స్థిరపరచినట్లు ప్రసిద్ధి. రెండవ శతాబ్దిలో ఖలీల్ బిన్ అహ్మద్ స్వరచిహ్నాలకు నేటి రూపం ఇచ్చారు. అంటే అరబీ రానివారి ఇబ్బందిని చూసి పండితులే ముందుకు వచ్చి లిపిని తీర్చిదిద్దారు. అరబీ రానివారు తప్పు చదువుతున్నారని విసుక్కొని ఊరుకోలేదు.

తెలుగు లిపికి కూడా ఇటువంటి అవకాశం వచ్చింది. కంప్యూటర్లలో, ఫోన్లలో అక్షరాలకు ఆధారమైన యూనికోడ్ ప్రమాణంలో 2008లో దంత్య ‘ౙ’కు స్థానం లభించింది. 2021 సెప్టెంబరులో వెలువడిన 14వ కూర్పులో తెలుగుకు నుక్తా చిహ్నం, అనగా అక్షరం క్రింద పెట్టే చుక్క చేర్చబడింది. హిందీ రాసే నాగరి లిపిలో ఈ చుక్క చాలాకాలంగా ఉన్నది. ఖాఫ్, ఖా, గైన్, జా, ఫా ధ్వనులకు దానిని వాడుతున్నారు. తెలుగులో ఖుర్ఆన్ పదాలు ముద్రించేవారు మాత్రం ఈ చుక్కను ఇంకా అందిపుచ్చుకోలేదు. ఒక్క చుక్కతో నాలుగు ‘జ’ల చిక్కు తీరదన్నది నిజమే. అయినా ‘క’ క్రింద చుక్క ఖాఫ్ అని, దంత్య ‘ౙ’ను జకాత్ లోని అక్షరానికి వాడాలని, మిగిలినవాటికి ఫలానా గుర్తులని ఆలిములూ తెలుగు పండితులూ కలిసి కూర్చొని ఒక పట్టిక నిర్ణయిస్తే సగం గందరగోళం తగ్గుతుంది. ఇప్పుడు ఒక యాప్‌లో ఒక పద్ధతి, ఒక పుస్తకంలో మరొక పద్ధతి. ఒకే మాటను ‘ద’తో ఒకరు, ‘జ’తో ఒకరు వ్రాస్తుంటే కొత్తగా నేర్చుకునేవాడు ఎవరిని నమ్మాలి?

బొమ్మగా మారిన దుఆ

లిపి లోటుకు తోడు ప్రచార పద్ధతిలోని లోటు మరొకటి ఉన్నది. తెలుగు ముద్రణలో దీర్ఘకాలం వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ విధంగా కూర్చిన పుస్తకాలు ఫోనులోకి ఎక్కువగా పుటల బొమ్మలుగా చేరాయి. బొమ్మలో మాటను వెదకలేరు; తప్పుంటే దిద్దలేరు. అచ్చుపుస్తకంలో తప్పు దొర్లితే మరుసటి ముద్రణలో సవరించవచ్చు. ప్రచురణకర్త చిరునామా పుస్తకం మీద ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే దుఆ బొమ్మ మీద వ్రాసినవారి పేరు తరచుగా ఉండదు, సరిచూసినవారి పేరు అంతకన్నా ఉండదు. 2018లో వాట్సాప్ సంస్థ ‘ఫార్వర్డెడ్’ అనే ముద్రను ప్రవేశపెట్టింది. ఆ ముద్ర ఈ సందేశం వేరొకరిదని మాత్రం చెబుతుంది, ఎవరిదో చెప్పదు. ఎవరు ఎవరి నుండి విన్నారో పేరుపేరునా అడిగి, ఆ వ్యక్తి సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పరీక్షించిన తరువాతనే హదీసును స్వీకరించిన సమాజం ఇంత తేలికగా అజ్ఞాత అక్షరాలతో నమాజు నేర్చుకోవడం శోచనీయం.

ఫోను వినిపించే ధ్వని

ఇంతవరకు చెప్పినది లోటు. మేలు కూడా అంత బలంగానే ఉన్నది. అచ్చుపుస్తకం మూగది, ఫోను పలుకుతుంది. 1961లో ఈజిప్టుకు చెందిన షేక్ మహ్మూద్ ఖలీల్ హుసరీ సంపూర్ణ ఖుర్ఆన్ పఠనాన్ని మొదటిసారిగా రికార్డు చేశారు. పఠనాన్ని తప్పులనుండి కాపాడి దూరదేశాల ముస్లింలకు అందించాలన్నదే ఆ ప్రయత్నంలోని ఉద్దేశం. తరువాత క్యాసెట్లు వచ్చాయి. గల్ఫ్ దేశాలకు పోయి వచ్చినవారి టేపురికార్డర్లతో అవి ఇళ్ళకు చేరాయి. నేడు అదే ధ్వని కీసరలో బస్సు కోసం నిలుచున్న మనిషి జేబులో ఉన్నది. ఒక్క ఆయతును పదిసార్లు వినవచ్చు, నిదానంగా వినవచ్చు. ఇటువంటి సౌకర్యం పూర్వతరాలకు లేదు. తెలుగు అక్షరాలను మాత్రమే చూపి ధ్వనిని జోడించని యాప్ ఫోనులోని ఉత్తమమైన శక్తిని వదిలి, పుస్తకంలోని బలహీనతను తెచ్చుకున్నట్టయింది.

అయితే ధ్వని వినిపించడంతో పని పూర్తికాదు. చిన్ననాటి నుండి మూడు ‘స’లను ఒకటిగా విన్న చెవికి ఖారీ పలికిన భేదం అందదు. అందనిది నాలుకకు రాదు. ఇందుకు గట్టి నిదర్శనం పాలేరుకు అవతల, ఇవతల ఉన్న ఉర్దూ వాడుకలోనే కనిపిస్తుంది. ఉర్దూ లిపిలో సీన్, సాద్, సా వేర్వేరుగానే ఉన్నాయి. వ్రాసేటప్పుడు ఎవరూ కలపరు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మూడూ ఒక్క ‘స’ అవుతాయి. నాలుగు అక్షరాలు ఒక్క ‘జ’ అవుతాయి. లిపి సరిగా ఉన్నంత మాత్రాన పఠనం సరికాదు. సూరా ఫాతిహా చివరి మాటను ‘ద’గా పలకాలా, ‘జ’గా పలకాలా అని మసీదులలో వినిపించే పాత వివాదం అరబీ లిపి బాగా చదవగలిగినవారి మధ్యనే పుట్టింది. అది ‘ద’ కాదు, ‘జ’ కాదు. నాలుక పక్క భాగం దవడపళ్ళకు తాకగా పుట్టే వేరొక ధ్వని. దానిని కాగితం మీద వ్రాసి చూపలేరు. నోటితో పలికి, ఎదుటివాని నోట విని, దిద్దవలసిందే.

వినే చెవి

హజ్రత్ ఉస్మాన్ (రజి) ముస్‌హఫ్ ప్రతులను ముఖ్య పట్టణాలకు పంపినప్పుడు ప్రతితోపాటు చదివి వినిపించే ఒక ఖారీని కూడా నియమించారని పఠన చరిత్రకారులు వ్రాశారు. కూఫాకు అబూ అబ్దుర్రహ్మాన్ సులమీ. ఆయన మసీదులో కూర్చొని దశాబ్దాలపాటు ఖుర్ఆన్ నేర్పారు. ఆయన శిష్యుడు ఆసిమ్ (మరణం హి. 127), ఆసిమ్ శిష్యుడు హఫ్స్ (మరణం హి. 180). భారతదేశంలో నేడు సాధారణంగా చదివే పఠనం హఫ్స్ ద్వారా వచ్చినదే. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఒక బాలుడు మక్తబులో చదివే ఒక్కొక్క అక్షరం ఆ గురుశిష్య పరంపర ద్వారా వచ్చినదన్నమాట. గ్రంథం ఒక్కటే చాలునని నాటి ఖలీఫా భావించలేదు. యాప్ ఒక్కటే చాలునని నేడు భావించడానికి ఆధారమేమిటి?

పఠనాన్ని విని తప్పులు చూపే యంత్రాలు కూడా వచ్చాయి. పదం విడిచినా, మాట మారినా అవి చూపగలుగుతున్నాయి. కంఠస్థం చేసుకునేవారికి ఇది ఉపకారమే. కాని ఆయా అక్షరం పుట్టవలసిన చోటనే పుట్టిందా అని తేల్చే పనిని ఉపాధ్యాయులు యంత్రానికి వదలలేదు. కీసర టోల్‌గేటు దగ్గర యంత్రం అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివి క్షణంలో దారి ఇస్తుంది. బండిలో రోగి ఉన్నాడా, పెళ్ళివారున్నారా అన్నది దానికి అక్కరలేదు. ఉపాధ్యాయునికి ఎదుటివాని సంగతి కూడా తెలియాలి. పళ్ళు ఊడిన వృద్ధునికి ఎంతవరకు నేర్పాలో, సిగ్గుపడే కొత్త ముస్లింను ఎట్లా ప్రోత్సహించాలో, చురుకైన బాలుని ఎక్కడ ఆపి దిద్దాలో వినే మనిషికే తెలుస్తుంది.

సెల్‌ఫోను అసలు ప్రయోజనం ఇక్కడే జ్ఞాపకం చేసుకోవాలి. అది పుట్టింది ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించబడి మసీదులలో సామూహిక నమాజులు ఆగిపోయినప్పుడు, ఏప్రిల్ చివరలో రమజాన్ ప్రవేశించినప్పుడు, దేశమంతటా ఎన్నో కుటుంబాలు ఫోను ద్వారా ఉపాధ్యాయులకు పాఠం అప్పజెప్పాయి. ఆ కష్టకాలం గడిచిన తరువాత చాలాచోట్ల ఆ అలవాటు కొనసాగలేదు. బొమ్మలు పంపడం మాత్రం కొనసాగింది. ఒకే సాధనంలో ఉన్న రెండు శక్తులలో బలహీనమైనది నిలిచి, బలమైనది వాడుక తప్పింది. ఈ వ్యవహారంలో ప్రధానమైన విమర్శ ఇదే.

చేయవలసినది

తెలుగు లిపిలో అరబీని పూర్తిగా నిషేధించమనడం ఆచరణసాధ్యం కాదు. మొన్ననే కలిమా చదివిన మనిషిని ఖాళీ చేతులతో నిలబెట్టడం న్యాయమూ కాదు. కాని ప్రచురణకర్తలు, యాప్ నిర్మాతలు కనీసం నాలుగు షరతులు పాటించవలసి ఉన్నది. తెలుగు అక్షరాలను ఎన్నడూ ఒంటరిగా ముద్రించరాదు. పైన అరబీ పంక్తి ఉండాలి. ప్రతి పంక్తికి ఒక ఖారీ ధ్వని జోడించి ఉండాలి. ఏ గుర్తు ఏ అక్షరానికో తెలిపే పట్టిక, ఈ లిపి తాత్కాలికమేనన్న హెచ్చరిక మొదటి పుటలోనే ఉండాలి. సరిచూసిన ఆలిము పేరు, తప్పులు తెలియజేయడానికి చిరునామా తప్పక ఉండాలి. ఇవి పాటించని బొమ్మను ఇతరులకు పంపకపోవడమే మేలు.

ఇక మసీదు బాధ్యత. ప్రతి ఊరికి ఖారీని నియమించే స్తోమత మెట్టప్రాంతపు జమాఅతులన్నిటికీ ఉండదు. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఉన్న ఒక ఉపాధ్యాయుడు ఇషా నమాజు తరువాత పది నిమిషాలు చుట్టుపక్కల పల్లెల వారి పఠనాన్ని ఫోనులో వినడానికి మాత్రం పెద్ద ఖర్చు అక్కరలేదు. మొదటి నెలలో సూరా ఫాతిహా ఒక్కటి చాలు. పగలంతా మిరపకోతలో వంగి పనిచేసిన స్త్రీ రాత్రి తన ఇంట్లోనే కూర్చొని భర్త ఫోనులోనో కొడుకు ఫోనులోనో ఏడు ఆయతులు చదువుతుంది. అవతల ఒక మనిషి విని, “అమ్మా, ఆ ఒక్క అక్షరం మళ్ళీ పలుకు” అంటాడు.